యార్క్‌షైర్ మఠ శిథిలాలు: ఒక్క రోజే ఉంటే ఏ అబేకి వెళ్లాలి?

ఇంగ్లండ్ ఉత్తరాన ఉన్న యార్క్‌షైర్‌లో మధ్యయుగపు క్రైస్తవ మఠాల (ఇంగ్లిష్‌లో అబేల) శిథిలాలు చాలా ఉన్నాయి. లీడ్స్‌లోనో యార్క్‌లోనో ఉండేవాళ్లకు గంటన్నర దూరంలో అరడజను దాకా తగులుతాయి. ఫొటోల్లో మాత్రం అన్నీ ఒకేలా కనిపిస్తాయి. కప్పు లేని ఎత్తైన గోడలు, మొనదేలిన కిటికీ చట్రాలు, కింద పచ్చగడ్డి. దాంతో ఏది ఎంచుకోవాలో తేలక, విన్న పేరు ఉన్నచోటికి వెళ్లిపోతారు. అలా వెళ్లి, మోకాళ్ల నొప్పులున్న అమ్మను 199 మెట్లు ఎక్కించినవాళ్లూ ఉంటారు, బస్సు లేని లోయలో సాయంత్రం ఐదింటికి చిక్కుకుపోయినవాళ్లూ ఉంటారు.

ఈ పోలిక ప్రధానంగా నాలుగింటి గురించి: ఫౌంటెన్స్, రీవో, విట్బీ, కర్క్‌స్టాల్. వీటికి తోడుగా కలుపుకోదగ్గవి బైలాండ్, జెర్వో. రీవో, జెర్వో పేర్ల స్పెల్లింగ్ చివర ఫ్రెంచి పద్ధతిలో ఎల్, ఎక్స్ అక్షరాలుంటాయి, వాటిని పలకరు. బస్సు డ్రైవర్‌ను అడిగేటప్పుడు ‘రీవాల్క్స్’ అంటే అర్థం కాకపోవచ్చు, ‘రీవో’ అనండి.

ఎంచుకునే ముందు తేల్చుకోవాల్సినవి

మొదటిది ప్రయాణం. మీకు కారు ఉందా లేదా అన్నదాన్ని బట్టే సగం నిర్ణయం అయిపోతుంది. సిస్టర్షియన్ శాఖ సన్యాసులు కావాలనే ఊళ్లకు దూరంగా, నది పారే లోయల్లో మఠాలు కట్టుకున్నారు. తొమ్మిది వందల ఏళ్ల కిందటి ఆ నిర్ణయం ఈనాటికీ మన బస్సు టైమింగుల మీద పనిచేస్తోంది.

రెండోది, అక్కడ ఏం మిగిలింది అన్నది. చాలామంది దీన్ని పట్టించుకోరు, నిరాశపడేది కూడా ఇక్కడే. కొన్ని చోట్ల చర్చి గోడలు తప్ప ఇంకేమీ లేవు. కొన్ని చోట్ల వంటిల్లు, భోజనశాల, పడకగది, మురుగు కాలువతో సహా మఠం మొత్తం చదవగలిగేలా ఉంది. మీకు కావలసింది ఒక గొప్ప దృశ్యమా, లేక మనుషులు అక్కడ ఎలా బతికారో తెలుసుకోవడమా? ఈ రెండింటికీ వేర్వేరు చోట్లు ఉన్నాయి.

మూడోది మీతో ఎవరు వస్తున్నారన్నది. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలా, బగ్గీలో (తోసుకెళ్లే పిల్లల బండిలో) పిల్లలా, కెమెరా పట్టుకున్న స్నేహితులా? నాలుగోది కాలం. డిసెంబరులో ఇక్కడ మధ్యాహ్నం పావుతక్కువ నాలుగుకే సూర్యుడు అస్తమిస్తాడు, జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురుంటుంది. టికెట్ ధరను చివర చూసుకోండి, ఎందుకంటే వీటిని నిర్వహించే సంస్థల మెంబర్‌షిప్ ఉంటే ఆ లెక్క మొత్తం మారిపోతుంది.

మఠాన్ని చదవడం ఎలా

ఏ అబేకి వెళ్లినా ఈ ప్లాన్ మనసులో ఉంటే రాళ్ల గుట్టలు గదులుగా కనిపించడం మొదలవుతాయి. లేకపోతే అరగంటలో ‘చూసేశాం’ అనిపిస్తుంది.

మన మండువా ఇంటిని గుర్తు తెచ్చుకోండి: నడుమ ఆకాశం కనిపించే మండువా, చుట్టూ వసారా, వసారాలోకి తెరుచుకునే గదులు. మఠం కూడా అలాంటిదే, కాకపోతే చాలా పెద్దది. ఆ నడిమి చతురస్రాన్ని క్లాయిస్టర్ అంటారు. దానికి ఉత్తరాన శిలువ ఆకారపు చర్చి, తూర్పు పడమరలుగా ఉంటుంది. తూర్పు వరుసలో చాప్టర్ హౌస్ ఉంటుంది. రోజూ అందరూ అక్కడ చేరి సన్యాసుల కోసం బెనెడిక్ట్ రాసిన నియమావళి నుంచి ఒక అధ్యాయం (చాప్టర్) చదివించుకునేవారు, అందుకే ఆ పేరు వచ్చింది. దాని పై అంతస్తులో సన్యాసుల పడకగది. అర్ధరాత్రి ప్రార్థనకు అక్కడి నుంచి నేరుగా చర్చిలోకి దిగే మెట్లుండేవి. దక్షిణపు వరుసలో భోజనశాల, వంటిల్లు, చలికాలంలో మంట వేసుకునే ఒక గది. పడమటి వరుస లే బ్రదర్స్‌ది. వీళ్లు పొలం పనులు, గొర్రెల పెంపకం, గిడ్డంగులు చూసుకుంటూ వ్రతం పట్టిన శ్రామికులు.

చివరగా మురుగు కాలువను వెతకండి. నది నీటిని మళ్లించి మరుగుదొడ్ల కింద నుంచి పారించేవారు. శిథిలాల్లో గోడ కింద రాతి కమాను కనబడి, దాని గుండా సన్నటి కాలువ పోతున్నట్టుంటే అది చాలావరకు అదే.

కప్పులు ఎందుకు లేవన్న ప్రశ్న ప్రతివాళ్లకీ వస్తుంది. ఎనిమిదో హెన్రీ కాలంలో, 1536 చట్టంతో చిన్న మఠాలను, 1540కల్లా మిగిలినవాటిని మూసేసి ఆస్తులు రాజు స్వాధీనం చేసుకున్నాడు. కప్పు మీద పరిచిన సీసపు రేకులకు మంచి ధర పలికేది. ముందు దాన్ని ఊడదీసి కరిగించేవారు. కప్పు పోయాక వాన, మంచు తమ పని తాము చేశాయి, మిగిలిన రాళ్లను చుట్టుపక్కలవాళ్లు ఇళ్లకు పట్టుకెళ్లారు. రీవోలో 1920ల నాటి తవ్వకాల్లో కూలిన రాళ్ల కింద రాజముద్ర ఉన్న సీసపు దిమ్మలు బయటపడ్డాయి. కరిగించి పోతపోసినవాటిని మోసుకెళ్లేలోపే వాటి మీద గోడ కూలింది. ఆ సీసాన్ని యార్క్ మిన్‌స్టర్ అనే పెద్ద చర్చిలోని ఫైవ్ సిస్టర్స్ కిటికీ మరమ్మతుకు వాడారు.

ఒక్క చూపులో పోలిక

| అబే | ఏం మిగిలింది | చూడటానికి సమయం | కారు లేకుండా | నడక | టికెట్ |
|---|---|---|---|---|---|
| ఫౌంటెన్స్ | దాదాపు మఠం మొత్తం, పక్కనే 18వ శతాబ్దపు నీటి తోట | అబేకి 2 గంటలు, తోటతో కలిపి 4 | రిపన్ దాకా సులువు, తర్వాత నడక లేదా టాక్సీ | లోయలోకి దిగి ఎక్కాలి | అన్నిటికన్నా ఎక్కువ |
| రీవో | చర్చి గర్భభాగం పూర్తి ఎత్తున, భోజనశాల, మంచి మ్యూజియం | ఒకటిన్నర నుంచి 2 గంటలు | కష్టం | వాలు గడ్డి నేల | మధ్యస్థం |
| విట్బీ | చర్చి ఒక్కటే, సముద్రం మీద కొండ | గంట | రైలు, బస్సు రెండూ ఉన్నాయి | 199 మెట్లు, లేదా పైనే కార్ పార్క్ | మధ్యస్థం |
| కర్క్‌స్టాల్ | చర్చి, చుట్టూ గదులు, కొన్ని కప్పులతో సహా | గంట నుంచి గంటన్నర | అన్నిటికన్నా సులువు | చదును | తక్కువ |
| బైలాండ్ | విరిగిన గులాబీ కిటికీ (పువ్వు ఆకారపు గుండ్రని కిటికీ), రంగు టైల్స్ నేల | 45 నిమిషాలు | కష్టం | చదును | ఉచితం |
| జెర్వో | పూలు, తీగల మధ్య గోడలు | గంట | కష్టం | గడ్డి, గతుకులు | హుండీ పెట్టెలో వేయాలి |

ఫౌంటెన్స్: ఒక్కటే చూడగలిగితే ఇదే

1132లో యార్క్‌లోని సెయింట్ మేరీస్ మఠంలో నియమాలు సడలిపోయాయని గొడవపడి పదమూడు మంది సన్యాసులు బయటికి వచ్చేశారు. ఆర్చిబిషప్ థర్‌స్టన్ వాళ్లకు స్కెల్ నది లోయలో కొంత నేల ఇచ్చాడు. అలా మొదలైన మఠం ఉన్ని వ్యాపారంతో ఇంగ్లండ్‌లోని అత్యంత సంపన్నమైన సిస్టర్షియన్ మఠాల్లో ఒకటైంది. 1539లో మూతపడింది. 1986 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలం, నిర్వహణ చారిత్రక స్థలాలను చూసుకునే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థది.

ఇక్కడ తప్పకుండా నిలబడి చూడాల్సింది సెల్లారియం. పడమటి వరుస కింది అంతస్తు ఇది, సుమారు 300 అడుగుల పొడవు. మధ్యలో ఒకే వరుసలో పొట్టి స్తంభాలు. ఒక్కో స్తంభం నుంచి రాతి ఈనెలు తాటిమట్టల్లా విచ్చుకుని కప్పును మోస్తాయి. స్తంభాలకు పైన విడి శిరస్సులు లేవు, రాయి నేలలోంచి లేచి అలాగే కప్పులోకి కలిసిపోతుంది. కప్పు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. ఉత్తరపు వైపు సరుకుల గిడ్డంగి, దక్షిణపు వైపు లే బ్రదర్స్ భోజనశాల, పైన వాళ్ల పడకలు. ఒక చివర నిలబడి రెండో చివరకు చూస్తే, ఇంత నిల్వ చేసుకోవాల్సిన అవసరం ఎంతమందిదో, ఆ ఉన్ని బేళ్లు ఎన్నో అంచనాకు వస్తుంది.

రెండోది హ్యూబీ టవర్, సుమారు 160 అడుగులు. సిస్టర్షియన్ నియమాల ప్రకారం రాతి గంటస్తంభాలు కట్టకూడదు. అయినా 16వ శతాబ్దం మొదట్లో మఠాధిపతి మార్మడ్యూక్ హ్యూబీ కట్టించాడు. నిరాడంబరత కోసం ఇల్లు వదిలొచ్చిన పదమూడు మంది వారసులు నాలుగు వందల ఏళ్లకు ఎక్కడికి చేరారో ఆ ఒక్క టవర్ చూస్తే చాలు. మఠం మూతపడ్డాక దాని రాళ్లతోనే స్టీఫెన్ ప్రాక్టర్ పడమటి ద్వారం దగ్గర ఫౌంటెన్స్ హాల్ కట్టుకున్నాడు, అదీ చూడదగ్గదే.

ఇప్పుడు చిక్కుల సంగతి. విజిటర్ సెంటర్ గట్టు మీద ఉంటుంది, అబే కింద లోయలో. దిగడం పది నిమిషాలు, తిరిగి ఎక్కేటప్పుడే పెద్దవాళ్లకు ఆయాసం. రెండు దారులున్నాయి, ఒకటి నిటారు, ఒకటి వాలుగా చుట్టూ తిరిగేది. పెద్దవాళ్లతో వెళ్తే రెండోదే పట్టుకోండి, లేదా పడమటి ద్వారం వైపు చేరితే నడక ఇంకా తగ్గుతుంది. నీటి తోట మీద ఆశపడి చాలామంది అబే చూడకముందే అలసిపోతారు. ముందు అబే, తర్వాత నది వెంట తోట, అక్కడి నుంచి ఓపిక ఉంటే జింకల పార్క్. ఈ తోట వెనకున్నవాడు జాన్ ఐస్లబీ. 1720 సౌత్ సీ కంపెనీ కుంభకోణంలో ఆర్థికమంత్రి పదవి పోగొట్టుకుని ఊరికి తిరిగొచ్చి దాని మీదే జీవితం పెట్టాడు.

కారు లేనివాళ్లు లీడ్స్ నుంచి హారోగేట్ మీదుగా వచ్చే 36 నంబరు బస్సులో రిపన్‌లో దిగాలి. రిపన్‌కు రైల్వే స్టేషన్ లేదు. అక్కడి నుంచి స్టడ్లీ రోజర్ ఊరు, జింకల పార్క్ మీదుగా నడిస్తే గంట పైన పడుతుంది. ఎండ రోజున ఆ నడక చాలా బాగుంటుంది. రిపన్‌లోనే రాత్రి ఉంటే సరిగ్గా తొమ్మిదింటికి మార్కెట్ స్క్వేర్‌కు వెళ్లండి, శతాబ్దాల ఆనవాయితీ ప్రకారం రోజూ అక్కడ కొమ్ము ఊదుతారు.

రీవో: రెండోసారి వచ్చేవాళ్లకు, నిశ్శబ్దం కావాలనుకునేవాళ్లకు

రీవో కూడా 1132లోనే మొదలైంది. ఫ్రాన్స్‌లోని క్లెర్వో నుంచి బెర్నార్డ్ పంపిన సన్యాసులు రై నది లోయలో స్థాపించారు. ఉత్తర ఇంగ్లండ్‌లో తొలి సిస్టర్షియన్ మఠం ఇది. 1147 నుంచి 1167 వరకు ఏల్రెడ్ మఠాధిపతిగా ఉన్న కాలంలో 140 మంది సన్యాసులు, 500 మంది దాకా లే బ్రదర్స్, పనివాళ్లు ఉన్నారని ఆయన శిష్యుడే రాశాడు.

శిల్పం పరంగా ఫౌంటెన్స్ కన్నా రీవో గొప్పది. 13వ శతాబ్దంలో తిరిగి కట్టిన చర్చి గర్భభాగం మూడు అంతస్తుల కమానులతో దాదాపు పూర్తి ఎత్తున నిలిచి ఉంది. మధ్యలో నిలబడి పైకి చూస్తే, కప్పు లేకపోవడం వల్లే కమానుల పొందిక ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ముందుభాగం మాత్రం పునాదుల మట్టానికి పోయింది. చర్చి నుంచి కిందికి దిగితే భోజనశాల. వాలు నేల కాబట్టి దాని కింద ఇంకో అంతస్తు కట్టి పైకి లేపారు. చాప్టర్ హౌస్ తూర్పు చివర గుండ్రంగా ఉండటం అరుదైన సంగతి. అందులో మొదటి మఠాధిపతి విలియం సమాధి మందిరం ఆనవాళ్లు చూడొచ్చు.

ఫొటోలు తీసేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. లోయ ఇరుకుగా ఉండటంతో ఇక్కడి చర్చిని తూర్పు పడమరలుగా కట్టలేకపోయారు, దాదాపు ఉత్తర దక్షిణాలుగా తిప్పారు. అందువల్ల క్లాయిస్టర్ పడమటి వైపు పడింది, ఆ వైపు గోడల మీద వెలుతురు మధ్యాహ్నం తర్వాతే వస్తుంది. ఉదయం వెళ్తే ఎదురు ఎండలో నల్లటి నీడలు దక్కుతాయి. ఫౌంటెన్స్‌లో చర్చి మామూలు దిశలోనే ఉంది. దాని పడమటి ముఖానికి సాయంత్రం, తూర్పు చివర ఉన్న తొమ్మిది పీఠాల మందిరానికి ఉదయం మంచిది.

పైన కొండ అంచున ఉన్న రీవో టెర్రస్ వేరే చోటు, వేరే టికెట్. అబే ఇంగ్లిష్ హెరిటేజ్ అనే ఇంకో సంస్థది, టెర్రస్ నేషనల్ ట్రస్ట్‌ది. ఒకదాని టికెట్‌తో రెండోదానికి వెళ్లి గేటు దగ్గర ఆగిపోవడం మామూలే. టెర్రస్ 18వ శతాబ్దపు విలాసం. అర మైలు పొడవున వంపు తిరిగిన పచ్చిక, చెట్ల మధ్య తీసిన సందుల్లోంచి అబే కొత్త కొత్త కోణాల్లో కనిపిస్తుంది. చలికాలంలో టెర్రస్ మూసేస్తారు.

ప్రయాణం సంగతికొస్తే కారు లేకుండా రీవో వద్దని చెప్పడమే న్యాయం, నడకంటే ఇష్టమున్నవాళ్లకు తప్ప. హెల్మ్స్‌లీ దాకా బస్సులో వచ్చి, అక్కడి నుంచి క్లీవ్‌లాండ్ వే కాలిబాటలో మూడున్నర మైళ్లు నడవాలి, గంటన్నర వేసుకోండి. తిరుగు నడక, ఆ తర్వాత చివరి బస్సు, ఈ రెండూ లెక్కపెట్టుకునే బయలుదేరాలి. కారులో థర్స్క్ వైపు నుంచి వచ్చేవాళ్లకు సట్టన్ బ్యాంక్ అనే ఘాట్ రోడ్డు తగులుతుంది. నాలుగు అడుగులకు ఒక అడుగు ఎక్కే వాలు, క్యారవాన్లను అనుమతించరు. దిగేటప్పుడు తక్కువ గేర్‌లో రండి, బ్రేకుల మీదే ఆధారపడితే వేడెక్కుతాయి.

రీవోకు వెళ్లినవాళ్లు బైలాండ్‌ను వదలకూడదు, కారులో అరగంటలోపే. ఆ సన్యాసులు మొదట రీవోకు మరీ దగ్గరలో దిగారు. ఒకరి గంటలు ఇంకొకరికి వినబడి ప్రార్థన వేళలు తారుమారయ్యేవట, చివరికి 1177లో ఇప్పుడున్న చోటికి మారారు. పడమటి గోడలో 26 అడుగుల వ్యాసం ఉన్న గులాబీ కిటికీ ఉండేది. ఇప్పుడు కింది సగం చట్రం మాత్రమే, విరిగిన గాజులా ఆకాశం కింద నిలిచి ఉంది. నేల మీద పసుపు, ఆకుపచ్చ మెరుగు టైల్స్ ఇంకా ఉన్నాయి. ఉచితం కదా అని పది నిమిషాలే ఇవ్వకండి.

విట్బీ: దృశ్యానికి మొదటిది, మఠంగా చివరిది

సముద్రం మీద కొండ అంచున నల్లగా నిలిచిన ఆ గోడల ముందు మిగతావన్నీ ఫొటోకు దిగదుడుపే. చరిత్ర కూడా తక్కువది కాదు. 657లో స్త్రీ పురుషులిద్దరికీ కలిపి మొదలైన మఠం ఇది, అధిపతి హిల్డ్ అనే స్త్రీ. ఈస్టర్ తేదీని ఎలా లెక్కించాలన్న తగువు 664లో ఇక్కడి సభలోనే తేలింది. పశువుల కాపరి కాడ్మన్, పేరు తెలిసిన తొలి ఇంగ్లిష్ కవి, ఇక్కడివాడే. వైకింగ్‌ల కాలంలో పాడుపడి, నార్మన్లు వచ్చాక బెనెడిక్టిన్ మఠంగా తిరిగి లేచింది. ఇప్పుడు కనిపించేది ఎక్కువగా 13వ శతాబ్దపు చర్చి. నడిమి టవర్ 1830లో కూలింది. 1914 డిసెంబరు 16న జర్మన్ యుద్ధనౌకల గుండ్లు పడమటి ముఖానికి తగిలాయి.

కానీ పైన చెప్పిన మండువా ప్లాన్‌ను ఇక్కడ వెతక్కండి, దొరకదు. క్లాయిస్టర్, పడకగదులు, వంటిళ్లు ఏవీ పైకి కనిపించవు. అబే వరకు గంట చాలు. మిగతా రోజు ఊరికీ, సముద్రానికీ ఇవ్వాలి. అందుకే పిల్లలతో, స్నేహితులతో వెళ్లేవాళ్లకు విట్బీ బాగా సరిపోతుంది.

మిడిల్స్‌బ్రోలో చదువుకుంటున్న తెలుగు విద్యార్థులకు ఇది అన్నిటికన్నా అందుబాటులో ఉన్న చోటు. ఎస్క్ లోయ గుండా నేరుగా రైలు ఉంది, గంటన్నర ప్రయాణం, దారి కూడా అందంగా ఉంటుంది. కాకపోతే రోజుకు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని రైళ్లే, ఒకటి తప్పితే గంటల తరబడి ఆగాలి. లీడ్స్, యార్క్ నుంచి 840 కోస్ట్‌లైనర్ బస్సు మూర్స్ అనే బీడు కొండల మీదుగా వస్తుంది. లీడ్స్ నుంచైతే ఒక్క వైపే మూడు గంటలకు పైగా కూర్చోవాలి.

ఊళ్లోంచి అబేకి 199 మెట్లు. మధ్యలో వెడల్పాటి చప్టాలు, బెంచీలు ఉన్నాయి. పైనున్న చర్చి శ్మశానానికి శవపేటికలు మోసేవాళ్లు దించుకోవడానికి ఏర్పడ్డవి అవి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లను మెట్ల జోలికి తీసుకెళ్లకుండా కారులో నేరుగా పైనున్న కార్ పార్క్‌కు వెళ్లండి. ఆ పార్కింగ్ ఫీజు అబే టికెట్‌లో భాగం కాదు. పైన చెట్టూ పుట్టా లేదు, గాలికి అడ్డం లేదు. కింద ఊళ్లో టీషర్ట్ వాతావరణం ఉన్నా పైన జాకెట్ కావాలి. గొడుగు తిరగబడి విరిగిపోతుంది, హుడ్ ఉన్న రెయిన్‌కోట్ తీసుకెళ్లండి. వసంతంలో, వేసవి మొదట్లో సముద్రం మీంచి ‘ఫ్రెట్’ అనే పొగమంచు ఉన్నట్టుండి కమ్ముకొచ్చి గోడలు కూడా కనిపించకుండా చేస్తుంది. అప్పుడు కిందికి దిగి భోజనం చేసి రండి, తరచూ రెండు మూడు గంటల్లో విడిపోతుంది.

భోజనం అన్నందుకు ఒక జాగ్రత్త. యార్క్‌షైర్‌లో చాలా ఫిష్ అండ్ చిప్స్ దుకాణాల్లో వేయించేది గొడ్డు కొవ్వులో. చేప మానేసి చిప్స్ ఒక్కటే తీసుకున్నా అదే మూకుడు. శాకాహారులు, బీఫ్ తిననివాళ్లు ముందుగా ‘బీఫ్ డ్రిప్పింగా, వెజిటబుల్ ఆయిలా?’ అని అడగాలి, దాచకుండా చెబుతారు. రేవు పక్కన పొట్లం విప్పితే సీగల్స్ చేతిలోంచి లాక్కుపోతాయి. గోడకు వీపు ఆనించి తినండి.

కర్క్‌స్టాల్: దగ్గర కదా అని చులకన చేయకండి

లీడ్స్ నడిబొడ్డు నుంచి మూడు మైళ్లు, సిటీ బస్సు అబే ముందే ఆగుతుంది. ఫౌంటెన్స్ నుంచి బయలుదేరిన సన్యాసులు 1152లో ఐర్ నది ఒడ్డున ఇక్కడ స్థిరపడ్డారు. లీడ్స్ ఫ్యాక్టరీల మసి పట్టిన నల్లరాయి, చుట్టూ క్రికెట్ ఆడే పిల్లలు, పక్కనే ట్రాఫిక్. ఏకాంతం కోరుకునేవాళ్లకు ఇది కాదు. ఒకప్పుడైతే లీడ్స్ వెళ్లే రోడ్డు చర్చి మధ్యలోంచే పోయేది!

కానీ మఠం ప్లాన్ నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. చాప్టర్ హౌస్ కప్పుతో సహా నిలిచి ఉంది, గదులన్నీ ఉండాల్సిన చోట ఉన్నాయి, నేల చదును, దూరాలు తక్కువ. భోజనశాలను జాగ్రత్తగా చూడండి. సిస్టర్షియన్లు మొదట్లో మాంసం ముట్టేవాళ్లు కాదు. 15వ శతాబ్దానికి ఆ నియమం సడలింది. పాత వంటింట్లో మాంసం వండకూడదు కాబట్టి దానికోసం వేరే వంటిల్లు కట్టి, భోజనశాలను రెండు అంతస్తులుగా చీల్చి, కింద మాంసాహారులకు ఇచ్చారు. మడి, మైల తెలిసిన ఇళ్లలో పెరిగినవాళ్లకు ఈ సర్దుబాటు ఎవరూ వివరించక్కర్లేదు.

టవర్‌లో కొంత భాగం 1779లో కూలింది. లీడ్స్ సిటీ కౌన్సిల్‌ది కాబట్టి ఖర్చు తక్కువ, చుట్టూ ఉన్న పార్క్ అందరిదీ. సాధారణంగా సోమవారం మూత. రోడ్డు దాటితే అబే హౌస్ మ్యూజియం ఉంది, అది పాత మఠపు ప్రవేశద్వారం మీద కట్టిన భవనమే.

జెర్వో

వెన్స్‌లీడేల్ అనే లోయలో, ఒక కుటుంబం చేతిలో ఉన్న శిథిలం. గేటు దగ్గర పెట్టెలో డబ్బులు వేసి లోపలికి వెళ్లాలి, చిల్లర ఉంచుకోండి. కట్టడం తక్కువ, గోడల మీద పూచే మొక్కలు ఎక్కువ. మే, జూన్ నెలల్లో ఫౌంటెన్స్‌కు జోడీగా బాగుంటుంది.

ఎవరికి ఏది

అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చి, ఒక్క రోజు కారులో తిప్పాలంటే ఫౌంటెన్స్. తోట, నీళ్లు, జింకలు, కూర్చునే చోట్లు, శుభ్రమైన టాయిలెట్లు అన్నీ ఉన్నాయి. శిథిలాల మీద పెద్ద ఆసక్తి లేనివాళ్లకూ రోజు వృథా అనిపించదు. చీర, చెప్పులతో మాత్రం వద్దు. తడి గడ్డి, పాచి పట్టిన రాళ్లు జారతాయి, గట్టి అడుగున్న షూస్ వేయించండి. నడక అసలు వీలుకాకపోతే కర్క్‌స్టాల్ తర్వాతే మిగతావి.

కారు లేని విద్యార్థులు లీడ్స్‌లో ఉంటే ఒక ఆదివారం కర్క్‌స్టాల్‌తో మొదలుపెట్టి, ఇంకో శనివారం 36 బస్సులో ఫౌంటెన్స్‌కు వెళ్లడం మంచి వరుస. మొదటిదాంట్లో నేర్చుకున్న ప్లాన్ రెండోదాంట్లో నాలుగింతలై కనిపిస్తుంది. బగ్గీలో పిల్లలుంటే ఫౌంటెన్స్ వాలు దారి, కర్క్‌స్టాల్ రెండూ పర్లేదు. రీవో గడ్డి వాలులో బగ్గీ తోయడం కన్నా పిల్లను ఎత్తుకోవడమే నయం. శిల్పం, ఫొటోగ్రఫీ ఇష్టమైనవాళ్లకు మధ్యాహ్నం రీవో, దానికి ముందు బైలాండ్.

ఒకే రోజు రీవో, విట్బీ రెండూ చుట్టేద్దామని చాలామంది ప్లాన్ వేస్తారు. మధ్యలో గంట డ్రైవ్, దూరం పెద్దది కాదు. జూన్‌లో అయితే వెలుతురు సరిపోతుంది. కానీ విట్బీలో పార్కింగ్ వెతుక్కునే అరగంట, రీవో మ్యూజియంలో పెట్టాల్సిన అరగంటను తినేస్తుంది. రీవోను బైలాండ్‌తో కలపండి, విట్బీకి పూర్తి రోజు ఇవ్వండి.

టికెట్లు, తలుపులు

రీవో, విట్బీ ఇంగ్లిష్ హెరిటేజ్‌వి, ఆన్‌లైన్‌లో ముందే కొంటే గేటు ధర కన్నా తక్కువ. ఏడాదిలో వాళ్ల కోటలు, మఠాలు మూడు నాలుగు చూసే కుటుంబానికి మెంబర్‌షిప్ లాభం, పిల్లలకు విడిగా టికెట్ ఉండదు. విజిటర్‌గా వచ్చిన పెద్దవాళ్లకు 9 రోజులు, 16 రోజుల ఓవర్సీస్ పాస్ ఉంది. ఫౌంటెన్స్ టికెట్ ఖరీదైనది కాబట్టి, తరచూ తోటలకు వెళ్లే అలవాటుంటే నేషనల్ ట్రస్ట్ మెంబర్‌షిప్ ముందు చూసుకోండి.

నవంబరు నుంచి మార్చి దాకా రీవో, విట్బీ ఎక్కువగా వారాంతాల్లోనే తెరుస్తారు. గాలి ఉధృతంగా ఉన్న రోజున విట్బీని కొండ మీద గాలికి, ఫౌంటెన్స్‌ను చెట్లు విరిగిపడతాయన్న భయానికి, టికెట్ కొన్నవాళ్లున్నా మూసేస్తారు. తుఫాను హెచ్చరిక ఉన్న ఉదయం ఇంటి నుంచి కదిలే ముందే వాళ్ల వెబ్‌సైట్ చూడండి. లోయల్లో ఫోన్ సిగ్నల్‌ను నమ్ముకోవద్దు, మ్యాప్, టికెట్, తిరుగు బస్సు టైమింగులు ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. డ్రోన్ ఎగరేయనివ్వరు. గోడలెక్కి ఫొటోలు దిగకండి, పైవరుస రాళ్లను పట్టి ఉంచిన సున్నం చాలా చోట్ల ఎప్పుడో కరిగిపోయింది.